నీరజక్క చేర్చిన మాట

“అక్కా, మా పిల్లకు ఏ భాషా రాకుండ పోతదేమో.”

నీరజక్కతో నేను అన్న మొదటి మాట ఇదే. అప్పటికి ఆమె పేరు కూడా నాకు సరిగా తెలియదు. పై అంతస్తులో తెలుగులో ఎమ్మే చేసినావిడ ఉందని మా ఆయన చెబితే, హారతిని చంకనేసుకొని మెట్లెక్కాను. తలుపు తీసిన మనిషిని పలకరించనైనా లేదు. ఆమె నన్నూ పిల్లనూ ఒకసారి చూసి, “చెప్పులు బయట్నే విడువు చెల్లె, కింద చీరలున్నయ్. లోపలికొచ్చి భయపడుదువు,” అంది.

లోపల అడుగు పెట్టే చోటు లేదు. గదిలో సగం మేర చీరలు పరిచి ఉన్నాయి. వాటి మధ్య కూర్చుని ఆమె అత్త వెంకటవ్వ అంచులకు మెరుపు రాళ్లు అతికిస్తోంది. గదంతా జిగురు వాసన. మిగిలిన సగంలో పొయ్యి, మంచం, గోడవారన బియ్యం డ్రమ్ము, దాని మీద ల్యాప్‌టాప్. అన్నిటికంటే కింది అంతస్తులో మరమగ్గాలు ఉన్నాయి. మావాళ్లు సాంచాలంటారు. అవి నడుస్తున్నంతసేపూ ఆ డ్రమ్ము మూత సన్నగా వణుకుతూనే ఉంటుంది. దాని ముందు పీట వేసుకొని కూర్చుని నీరజక్క పుస్తకాలు దిద్దుతుంది. కాలేజీల్లో, విశ్వవిద్యాలయాల్లో చదివే పుస్తకాలు. సూరత్‌లో ఈ లింబాయత్ గల్లీలో, చీరల కుప్పల వెనక అలాంటి పని జరుగుతుందని నేను ఊహించలేదు.

నేను జగిత్యాలలో బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, పెళ్లయ్యాక సూరత్ వచ్చాను. హారతికి అప్పుడు మూడో ఏడు. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బాల్వాడీలో గుజరాతీ. ఏ భాషలోనూ నాలుగు మాటలు దాటదు. ఆ నాలుగూ ఒకే వాక్యంలో కలిసిపోతాయి. “అమ్మా, కుక్క ఛే,” అంటుంది. గుజరాతీలో ‘ఛే’ అంటే ఉంది అని. చీటీలు అంటించని సీసాల్లోంచి ద్రావణాలు తీసి కలిపితే ఏమవుతుందో చదువుకున్నదాన్ని కాబట్టి, పిల్ల అన్న ప్రతి మాటకూ అక్కడికక్కడే చీటీ అంటించేదాన్ని. ఛే కాదు, ఉన్నది అను. పాణి కాదు, నీళ్లు అను. చెవులు బాగానే ఉన్నాయని, కొంతకాలం ఆగమని డాక్టరు అన్నాడు. నాకు ఆగడం చేతకాదు.

నీరజక్క ఆ రోజు సలహా ఏమీ ఇవ్వలేదు. “నాకు తెల్వదు చెల్లె, నాకు పిల్లలు లేరు,” అంది. తర్వాత తెర వైపు తిరిగి, “కెమిస్ట్రీ అన్నవు గదా. ద్రావణం, ద్రావితం, ద్రావణి. ఈ మూడింట్ల ఏది ఏంది, జర చెప్పు,” అని అడిగింది. డిగ్రీ పిల్లల రసాయన శాస్త్రం పుస్తకం అప్పుడు ఆమె చేతిలో ఉంది. ఉప్పు ద్రావితం, నీళ్లు ద్రావణి, ఉప్పు నీళ్లు ద్రావణం అని చెప్పాను. ఆ తర్వాత రోజూ వెళ్లడం మొదలుపెట్టాను. సైన్సు మాట వస్తే ఆమె నన్ను అడిగేది. తెలుగు మాట మాత్రం ఎవరినీ అడిగేది కాదు. “దాంట్లనే గదా ఎమ్మే చేసిన,” అనేది.

ఆమె పుట్టింది పక్క గల్లీలో. తండ్రి సిరిసిల్ల వైపు నుంచి సాంచాల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. పుట్టింటికీ అత్తింటికీ మధ్య ఒక కిరాణా కొట్టు, ఒక పిండి గిర్ని ఉన్నాయి, అంతే దూరం. మునిసిపాలిటీ తెలుగు బడిలో చదువుకుంది. పెళ్లయ్యాక డిగ్రీ, ఎమ్మే దూరవిద్యలో కట్టింది. అప్పుడు కార్ఖానాలో ఆమె భర్త బిక్షపతిని తోటివాళ్లు ఆడుకున్నారట. “మీ ఇంట్లామె తెలుగు ఎమ్మే అట గదా. సాంచకు పద్యాలు చదువుతదా ఏంది? చదివితే దారం తెగకుంటదా?” ఇది ఆమే నవ్వుతూ చెప్పింది. నవ్వు ఆగాక మాత్రం, “ఆయనకు నవ్వు రాలే,” అంది.

క్లాసులకని హైదరాబాద్ వెళ్లినప్పుడు ఆమెకు ఆ ఊరి మీద మనసు పడింది. చార్మినార్ చూసి కాదు. “సిటీ బస్సుల ఇద్దరాడోళ్లు సీటు కోసం కొట్లాడుతున్నరు చెల్లె. మొత్తం తెలుగులనే తిట్టుకుంటున్నరు. ఒక్క హిందీ ముక్క లేదు. నా స్టాపు దాటిపోయినా దిగబుద్ధి కాలే.”

భాష చదివితే చదువు చెప్పుకోవాలి, లేదంటే ఇంట్లో కూర్చోవాలని నేను అనుకునేదాన్ని. ఆమె కూడా ముందు టీచరు కావాలనే అనుకుంది. తెలుగు టీచరు ఖాళీలు సూరత్‌లో లేవు. ఎమ్మేలో పాఠ పరిష్కరణ అనే పేపరు ఒకటి ఉంటుందట. ఒకే పాత గ్రంథానికి నాలుగు రాతప్రతులు దొరుకుతాయి. నాలుగింట్లో ఒక్కో మాట ఒక్కోలా ఉంటుంది. అందులో కవి రాసింది ఏది, రాసుకున్నవాడు తప్పు పెట్టింది ఏది అని సాక్ష్యాలతో తేల్చాలి. ఆమె అది చెబుతుంటే నాకు మా ప్రయోగశాల గుర్తొచ్చింది. ఆ పేపరులో ఆమె రాసిన జవాబులు చూసిన లెక్చరరు, హైదరాబాద్‌లో పాఠ్యపుస్తకాలు, పరిశోధన గ్రంథాలు వేసే ఒక ప్రచురణ సంస్థకు ఆమె పేరు చెప్పాడు. అక్కడి సంపాదకుడు సదానందం గారు మొదట ప్రూఫులు పంపాడు. అచ్చుతప్పులు చూడడం. అది కుదిరాక పాదసూచికలు, పుస్తకం చివర వచ్చే పదసూచిక. ఒకే మాటను ఒక అధ్యాయంలో ఒకలా, ఇంకో అధ్యాయంలో ఇంకోలా రాస్తే పట్టుకోవడం. చివరికి వాక్యాలు దిద్దే పని, కాపీ ఎడిటింగ్. అంతా ఈ డ్రమ్ము మీదే.

“పద్యాలు చదివి ఏం చేస్తవన్నరు,” అనేది నీరజక్క. “యతి తప్పితే పట్టుకునే కంటికి ఫుల్‌స్టాపు తప్పితే దొరకదా?”

నేను వెళ్లడం మొదలుపెట్టిన ఏడాది ఎండాకాలంలో ఆ సంస్థలో ఒక పెద్దావిడ పదవీ విరమణ చేసింది. ఆమె కుర్చీ ఖాళీ అయింది. నెల జీతం, ఆఫీసులో బల్ల, హైదరాబాద్‌లో ఉండాలి. సదానందం గారు ఫోన్ చేసి, బ్రహ్మచారి గారనే రిటైర్డ్ ప్రొఫెసర్ పుస్తకం ఒకటి పంపుతున్నానని, అది బాగా చేస్తే యాజమాన్యానికి ఆమె పేరే చెబుతానని అన్నాడు.

ఆ సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. బిక్షపతి బావ డ్యూటీ దిగి వచ్చి, తల మీద దూది నుసి దులుపుకుంటూ విన్నాడు.

“హైదరాబాదుల నాకేం పని దొరుకుతది?” అన్నాడు.

“నా పగార్ వస్తది గదా. మెల్లగ చూసుకోవచ్చు.”

“అంటే నువ్వు ఆఫీసుకు, నేను వంటకు.”

“నువ్వు వంట చేస్తే అదే రోజు మళ్ల సూరత్ రైలెక్కుతా,” అంది ఆమె.

వెంకటవ్వ చీరలోంచి తలెత్తకుండా, “ఆ డ్రమ్ము ఖాళీ అయితే నాకు జర జాగ దొరుకుతది. పోండి, ఇద్దరూ పోండి,” అంది.

బావ కాసేపు ఆలోచించాడు. చెడ్డవాడు కాదు. కింద సేఠ్ సగం సాంచాలు ఆపేశాడు, పని తగ్గింది. “సరే. దివాలి దాక చూద్దాం,” అన్నాడు. “నౌకరి వస్తే పోదాం, నేనే సామాన్లు మోస్త. రాకపోతే నువ్వు ఇగ అమ్మతోని కూసొని రాళ్లు అతికియ్యాలె. పుస్తకాల ముచ్చట మళ్ల నడువది, గిట్ల ఇంట్ల సగం జాగ దానికే పోవద్దు.”

నీరజక్క ఒప్పుకుంది. ఆ రోజు నుంచి ఆమెకు ఉన్నది ఆ పుస్తకమే. తెలంగాణ అంగళ్ల మీద పరిశోధన అది. పాత రోజుల్లో నేతగాళ్లు, కుమ్మర్లు, గొర్రెల కాపర్లు అంగడికి ఏం తెచ్చేవారో, ఏ దారిన వచ్చేవారో రాసిన పుస్తకం. వెంకటవ్వ చీరలు రోజురోజుకూ డ్రమ్ము వైపు జరుగుతుంటే, నీరజక్క పీట గోడకు జరుగుతూ పోయేది. ఒకరోజు నేను వెళ్లేసరికి ఆమె తెర మీద ఒక వాక్యం చూపించింది.

‘అంగడి ముగిసేలోపు నేతగాడు తాను అమ్ముకొని ఇంటికి పోవాలి.’

“ఈ వాక్యంల కర్మ లేదు చూసినవా?” అంది. వ్యాకరణంలో కర్మ అంటే పని ఎవరి మీద, దేని మీద జరిగిందో ఆ మాట.

“కర్మ లేనిది ఎవలకు?” అంది వెంకటవ్వ చీరల మధ్య నుంచి. ఆమెకు ఆ ఒక్క మాటే వినిపించింది.

“అమ్ముకున్నడు సరే, ఏం అమ్ముకున్నడు? సార్ రాసుడు మర్చిపోయిండు,” అని నీరజక్క ఒక మాట చేర్చింది. ఇప్పుడు వాక్యం ఇలా అయింది. ‘అంగడి ముగిసేలోపు నేతగాడు తనను తాను అమ్ముకొని ఇంటికి పోవాలి.’

మేమిద్దరం దాన్ని రెండుసార్లు చదివాం. ఒక్క మాటతో ఎంత బాగు చేశావక్కా అన్నాను. ఆమె ముఖం వెలిగిపోయింది. పుస్తకం ముగించి పంపేసింది. ఆ వారమంతా హైదరాబాద్‌లో ఏ వైపు ఇల్లు దొరుకుతుందో అని ఇద్దరం ఫోన్‌లో చూస్తూ కూర్చున్నాం.

అచ్చుకు పోయేముందు ఆఖరి ప్రతి రచయిత దగ్గరికి పోతుంది. బ్రహ్మచారి గారు ఆ పేజీ పక్కన చేత్తో రాసి పంపిన మాటలు సదానందం గారు ఫోటో తీసి నీరజక్కకు పంపాడు. ‘అమ్మా, మీ వాక్యం నా వాక్యం కంటే బాగుంది. కాని అది నాది కాదు. నా నేతగాడు అమ్ముకున్నది బట్ట తాను. తనను తాను కాదు.’

తాను అంటే చుట్టిన నిండు బట్ట. సూరత్‌లో దాన్ని తాకా అంటారు. ఎన్ని తాకాలు దిగాయి, ఏ తాకాకు మరక పడింది, తాకాకు ఎంత ఇస్తారు, ఈ గల్లీలో పొద్దున లేస్తే వినబడేది అదే. నీరజక్క తండ్రి తాకా అన్నాడు, మొగుడు తాకా అంటాడు, వెంకటవ్వ కూడా పెళ్లయి వచ్చిన నాటి నుంచి అదే అంటోంది. తాకా తెలుగు మాట కాదన్న అనుమానం నీరజక్కకు ఎప్పుడూ రాలేదు. కాబట్టి బట్టకు ఇంకో మాట ఉంటుందనీ తోచలేదు. తాను అన్న మాట కనబడగానే ఆమె కళ్లకు మనిషే కనబడ్డాడు. నేను జగిత్యాలలో పుట్టినా బట్టను మీటర్లలోనే కొన్నాను, నాకూ తట్టలేదు.

“ఒకే తానులో ముక్కలు అని పరీక్షల నేనే రాసిన చెల్లె,” అంది. “ముక్కలంటే వేటి ముక్కలనుకున్ననో.”

సదానందం గారి ఫోన్ వచ్చినప్పుడు మేం మెట్ల మీద ఉన్నాం. సాంచాల చప్పుడుకు వినబడదని స్పీకర్‌లో పెట్టింది.

“నీరజ గారూ, తప్పులు నేనూ చేశానమ్మా,” అన్నాడాయన. “పక్కన ఒక ప్రశ్న గుర్తు పెట్టి, ‘ఏం అమ్ముకున్నాడు సార్’ అని రాసి ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది. ఎందుకు అడగలేదు?”

“నాకు తెలియదన్న సంగతే తెలియలేదు సార్.”

ఆయన అసలు సంగతికి వచ్చాడు. “బ్రహ్మచారి గారికి కోపం లేదు. కాని నవ్వుకుంటూ నలుగురికి చెప్పారు. అది యాజమాన్యం దాకా పోయింది. ఆ కుర్చీ ఇక్కడి అబ్బాయికి ఇచ్చారమ్మా. మీకు పేజీల లెక్కన పని పంపుతూనే ఉంటాను.”

ఆమె సరే సార్ అని ఫోన్ పెట్టేసి, హారతి జుట్టు సరిచేస్తూ కూర్చుంది. ఏడవలేదు. నేనే లేనిపోని మాటలు ఏవో అన్నాను.

బిక్షపతి బావ వచ్చాక ఆమె దాచలేదు. ఏ వాక్యం, ఏ మాట చేర్చింది, ఎందుకు తప్పయింది, అన్నీ చెప్పింది. ఆయన చేతిలో చాయ్ గ్లాసు పట్టుకొని విన్నాడు.

“మళ్ల చదువు,” అన్నాడు.

“అంగడి ముగిసేలోపు నేతగాడు తనను తాను అమ్ముకొని ఇంటికి పోవాలి.”

“గందుల తప్పేమున్నదే?” అన్నాడాయన. “నేను రోజు జేసేది గదే గదా.”

వెంకటవ్వ ముందు నవ్వింది, తర్వాత మేమంతా నవ్వాం. దీపావళికి కార్ఖానా మూసి మళ్లీ తెరిచిన రోజున నీరజక్క చీరల మధ్యకు జరిగి, జిగురు డబ్బా అందుకుంది. మాట ఇచ్చింది కాబట్టి బావ ఏమీ అననక్కరలేకపోయింది.

కాని పుస్తకాలు వదల్లేదు. చీరల పని ఆగనంతసేపూ బావ చూసీ చూడనట్టే ఉన్నాడు. మధ్యాహ్నం వెంకటవ్వ కునుకు తీసే వేళ డ్రమ్ము మూత తుడిచి ల్యాప్‌టాప్ తెరిచేది. వేళ్లకు అంటిన జిగురు మీటలకు అంటేది. ఆమె పని తీరు మాత్రం మారింది. ఇంతకు ముందు తెలియని మాట దగ్గర ఆగేది. ఇప్పుడు సులువుగా అర్థమైపోయిన వాక్యం దగ్గర కూడా ఆగుతుంది. పేజీ పక్కన ప్రశ్న రాస్తుంది. ఇక్కడ గంప అంటే కొలతనా, వస్తువునా? ఈ ‘వారు’ ఎవరు? రచయితలు మొదట విసుక్కున్నారట. తర్వాత కొందరు తమ పుస్తకం ఆమెకే ఇవ్వమని అడుగుతున్నారట. కొన్ని పుస్తకాల లోపలి పేజీలో ‘ప్రతి పరిష్కరణ’ అని ఆమె పేరు వేస్తున్నారు. అది చూసినప్పుడు బావ కార్ఖానాకు ఒక పుస్తకం తీసుకుపోయి చూపించాడు. ఆమెకు దాని సంతోషం ఉంది. అయితే ఆ పేరు పక్కన హైదరాబాద్ లేదు. కుర్చీ ఊసు మళ్లీ రాలేదు, ఆమె అడగలేదు. చీరలు అలాగే ఉన్నాయి, డ్రమ్ము అలాగే ఉంది, కిటికీ తెరిస్తే ఎదురుగా ఇంకో కార్ఖానా గోడ. “నేను ఒక్కదాన్నే ఈడ ఉన్న చెల్లె. నేను దిద్దిన పుస్తకాలన్నీ వేరే ఊర్లు తిరుగుతున్నయ్,” అంటుంది.

ఆ మరుసటి ఏడు వానాకాలానికి హారతి నా ముందు నోరు విప్పడం దాదాపు మానేసింది. వెంకటవ్వ పక్కన రాళ్లు ఏరుతూ ఏదేదో గొణుక్కుంటుంది. నన్ను చూడగానే ఆపేస్తుంది. నీరజక్క దగ్గర కూర్చుని మళ్లీ నా భయమే చెప్పుకుంటున్నాను. అప్పుడే హారతి ఒక చమ్కీ రాయి పట్టుకొచ్చి, “అమ్మా, జో,” అంది. గుజరాతీలో చూడు అని. “జో కాదు, చూడు అను,” అన్నాను. పిల్ల రాయి అక్కడే పడేసి వెళ్లిపోయింది.

నీరజక్క ల్యాప్‌టాప్ మూసింది. పని మధ్యలో ఆమె అలా మూయడం నేను చూడలేదు.

“పిల్లల ముచ్చట నాకు తెల్వదన్న గదా,” అంది. “కాని గిది తెలుసు. అది ఏం చూడమన్నదో చూసినవా నువ్వు?”

“రాయి.”

“రాయిల ఏంది?”

“మాట తప్పు పలికింది కదక్కా. తప్పని తెలిసి కూడా ఊరుకోవాలా?”

“తెలుసు అనుకున్నకాడనే నేను మునిగిన,” అంది ఆమె. “పిల్ల మాట్లాడింది పిల్ల రాసుకున్న వాక్యం. నీది గాదు. నీ నోట మంచిగుంటదని మాటలు చేర్చకు. దిద్దకు. ముందుగాల పక్కకు ఒక ప్రశ్న పెట్టు. రాసినోళ్లనే అడుగు, ఏమన్నవ్ బిడ్డా అని. అది చెప్పినంక, గప్పుడు నీ మాట నువ్వు చెప్పు, అదే వింటది.”

ఇప్పుడు నేను చేస్తున్నది అదే. సులువుగా ఏమీ లేదు. ‘కాదు’ అన్న మాట నా నాలుక చివరనే కాపు కాస్తుంటుంది. నిన్న పొద్దున హారతి గ్లాసు పట్టుకొని వచ్చి, “అమ్మా, పాలు ఢోళాయి,” అంది. నాకు ఆ మాట తెలియదు. నోరు నొక్కుకొని, “అంటే ఏంది బిడ్డా?” అని అడిగాను. హారతి నన్ను కాసేపు చూసింది. ఇంత చిన్న మాట తెలియదా అన్నట్టు చూసింది. తర్వాత గ్లాసులో మిగిలిన పాలు నెమ్మదిగా నేల మీద ఒంపేసి, “గిట్ల,” అంది.

నేను గుడ్డ తెచ్చి తుడుస్తూ, ఇంకా ఏమేం ఢోళాయి అవుతాయో చెప్పమని అడిగాను.